మొదటి మేకు

నిఖితకు ముప్పైనాలుగేళ్లు. ఆ వయసు వచ్చేదాకా ఆమె ఏ గోడకూ ఒక్క మేకు కొట్టి ఎరగదు. పిరికిదై కాదు, చేతకాకా కాదు. కొట్టుకోనిచ్చే గోడ దొరకలేదు, అంతే.

పుట్టింది బొగ్గుబాయి కంపెనీ క్వార్టర్లో. తండ్రి సారయ్య బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. క్వార్టరు కంపెనీది గనుక గోడ జోలికి పోవద్దని చిన్నప్పటి నుంచీ కట్టడి. ఆర్మీలో హవల్దారు కుమారస్వామిని చేసుకున్నాక ఆ కట్టడి ఇంకా ముదిరింది. మొగుడికి బదిలీ వచ్చిన ప్రతిసారీ ఒక ఆఫీసు బాబు వచ్చి క్వార్టరంతా తడిమి చూసేవాడు. పగిలిన అద్దం, కారే నల్లా, గోడకు చిల్లు, ఏది దొరికినా డ్యామేజీ అని రాసుకుని జీతంలో కోత పెట్టించేవాడు. ఒక ఊళ్లో అయితే అంతకుముందున్నవాళ్లు ఎవరో కొట్టిపోయిన మేకు చిల్లుకు వీళ్లు డబ్బు కట్టారు. మేకు వాళ్లది, కోత వీళ్లకు. అదేం లెక్కో అడిగే దిక్కు లేదు. ఆ రోజు నుంచి నిఖిత క్యాలెండరును కూడా కిటికీ కమ్మీకి దారంతో కట్టేది. కూతురు హారిక బొమ్మల పటమేదైనా గోడకు తగిలిద్దామంటే "డ్యామేజీ కట్టాల్సొస్తది బిడ్డా" అనేది. పిల్లకు అక్షరాల కంటే ముందు ఆ మాట వచ్చింది.

ఇలాంటి మనిషికి సొంతిల్లంటే ఎంత మోజుండాలో మీరే అనుకోండి. చెన్నూరు అవతల, గోదావరికి పోయే రోడ్డు పక్కన కొత్తగా పడుతున్న కాలనీలో స్థలం కొన్నారు. బ్యాంకు లోను పెట్టి ఇల్లు మొదలుపెట్టారు. ఆ కబురు విని సారయ్య ఫోన్లో తెగ సంబరపడ్డాడు.

"నీ ఇంట్ల తొలి మేకు నేనే కొడ్త బిడ్డా. నువ్వు సుత్తె ఒక్కటి కొని పెట్టు, చాలు."

"ఎక్కడ కొడ్తవు బాపూ?"

"ఎక్కడైతేంది. అంత మన గోడనే గదా."

అంతా బాగానే ఉంది గానీ, దర్వాజ దగ్గర తప్పు జరిగిపోయింది. ఆ దిక్కున ఇల్లంటే దర్వాజే. పునాది ఎవరు తవ్వినా, గోడ ఎవరు లేపినా పట్టింపు లేదు. దర్వాజ పెట్టే రోజు మాత్రం ఇంటి యజమాని పెళ్లాంతో పీటల మీద కూర్చోవాలి. గడప కింద నవధాన్యాలు, పసుపు కొమ్ము, రాగి పైస పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తన చేతులతో ద్వారబంధం, అంటే చౌకట్టు లేపాలి. వీధంతా వచ్చి చూస్తుంది. ముహూర్తం దగ్గరికొచ్చింది, కుమారస్వామికి సెలవు దొరకలేదు. దాటితే మళ్లీ మూఢం. అప్పుడతను తన చిన్ననాటి దోస్తు సదానందాన్ని అడిగాడు. సదానందం అంటే ఆ చుట్టుపక్కల గోదావరి ఇసుక ట్రాక్టర్లు నడిపించే మనిషి. పది మంది డ్రైవర్లు చేతి కింద ఉంటారు, ఎదురు చెప్పేవాళ్లు ఉండరు.

"నీ బదులు నేను కూసుంట తమ్మీ, ఫికర్ చెయ్యకు," అన్నాడు సదానందం.

పఠాన్‌కోట్ క్వార్టర్లో కూర్చుని నిఖిత ఆ తంతు వీడియో కాల్‌లో చూసింది. ఎవరో ఒకాయన, ఎవరో ఒకావిడ, తన గడపకు పసుపు రాస్తున్నారు. "ఆ దర్వాజ మనం పెట్టాలె," అంది. "వాడు నాకు అన్నలెక్క," అన్నాడు మొగుడు. మొగుడికి అన్నయితే తనకూ అన్నే అనుకుని నోరు మూసుకుంది. అన్నీ సర్దుకుపోవడం అలవాటైన మనిషి, ఇదీ సర్దుకుంది.

ఇల్లు పూర్తయ్యాక, ఖాళీగా ఉంటే ఖరాబవుతుందని సదానందమే కిరాయికి తీసుకున్నాడు. కొన్ని నెలలు కిరాయి వచ్చింది, తర్వాత రాలేదు. అడిగితే బోరు బాగు చేయించానన్నాడు. ఇంకోసారి అడిగితే ఫోనే ఎత్తలేదు. అతని డ్రైవర్లు ఆ ఇంట్లో పడుకుంటున్నారనీ, తాగి పేకాడుతున్నారనీ ఎదురింటి లతీఫున్నీసా చెప్పింది. ఆమె బట్టలు కుట్టి బతికే మనిషి, మొగుడు పోయాడు.

అంతలో కుమారస్వామికి బదిలీ వచ్చింది. ఈసారి మంచు కొండల మీదికి. అక్కడికి పెళ్లాం పిల్లల్ని తీసుకుపోనివ్వరు. ఇక్కడ క్వార్టరు ఖాళీ చేయమన్నారు. గడువు పెంచమని పెట్టుకున్న అర్జీకి జవాబు రాలేదు. సామాను లారీకి చేతిలో ఉన్నదంతా పోయింది. బదిలీ తాలూకు పైసలు తర్వాతెప్పుడో వస్తాయట. జీతంలో సగం లోను కిస్తీకి పోతోంది. కరీంనగర్లోనో మంచిర్యాలలోనో వేరే ఇల్లు పట్టాలంటే అడ్వాన్సు ఎక్కడి నుంచి తేవాలి? సారయ్య రిటైరైన నాడే కంపెనీ క్వార్టరు తిరిగిచ్చేసి, గోదావరిఖనిలో చుట్టాల ఇంటి వెనక ఒక అర్రలో ఒంటరిగా ఉంటున్నాడు. నిఖితకు, హారికకు తల దాచుకోవడానికి భూమ్మీద ఆ ఒక్క ఇల్లే ఉంది. అది వస్తే నిలబడతారు, రాకపోతే రోడ్డే.

నల్ల పెట్టెల మీద తెల్ల రంగుతో మొగుడి పేరు, కింద చెన్నూరు అడ్రసు తనే రాసుకుంది. ఎన్నో ఊళ్ల పేర్లు చెరిపి రాసిన పెట్టెలవి. ఇక చెరిపే పని లేదనుకుంది.

లారీ ఇంటి ముందు ఆగింది. నడుం మీద చేతులు పెట్టుకుని సదానందం దర్వాజలో నిలబడి ఉన్నాడు.

"అన్నా, వస్తున్నమని మెసేజ్ పెట్టిన గదా. మేం వచ్చినం," అంది నిఖిత.

"వస్తే వచ్చిన్రు చెల్లె. చూసి పోన్రి."

"చూసి పోవుడేంది? మా ఇల్లు."

"ఎవ్వలిల్లు?" సదానందం అరచేత్తో చౌకట్టును టపటపా కొట్టాడు. "ఈ దర్వాజ పెట్టింది ఎవ్వలు? నేను. నా పెండ్లాం. ఊరంత చూసింది. నీ మొగన్ని ఎవ్వలన్న చూసిన్రా ఈడ? ఇసుక నాది, బోరు నాది. ఏమన్న పైసలిస్త, పట్టుకొని పో."

లారీ డ్రైవరు సర్దార్జీ మొదటి పెట్టె దించి అరుగు మీద పెట్టబోయాడు. సదానందం మనిషి ఓంప్రకాశ్ ముందుకొచ్చి అతన్ని చెంప మీద కొట్టాడు. పాగా ఊడి మట్టిలో పడింది. పెట్టెను కాలితో తన్నితే తాళం తెగి, గిన్నెలు, పిల్ల పుస్తకాలు, కుమారస్వామి యూనిఫాం రోడ్డు మీద పరుచుకున్నాయి. యూనిఫాం మీదుగా నడుచుకుంటూ వెళ్లి ఇంకో పెట్టెను తన్నాడు. హారిక తల్లి నడుం పట్టుకుంది. నిఖిత కిందికి వంగి యూనిఫాం దులిపి మడత పెట్టింది. ఆ క్షణాన వాడి మెడ కొరికేయాలనిపించిందని తర్వాత తనే చెప్పింది.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. "ఇటు రా బేటీ," అని లతీఫున్నీసా పెట్టెకు ఒక కొస పట్టింది. "మా ముందర్ర ఖాళీగనే ఉంది. మిషిన్ జర పక్కకు జరుపుత."

"కిరాయి ఇయ్యలేను చాచీ."

"నిన్ను అడిగిన్నా నేను?"

మర్నాడు ఠాణాకు పోయింది. ఇంటి కాగితాలు చూసి, "ఇది సివిల్ మ్యాటరమ్మా, కోర్టుకు పో," అన్నారు. కోర్టంటే వకీలు, వకీలంటే ఫీజు, ఫీజంటే ఏళ్లు. మొగుడు కొండ మీది నుంచి సిగ్నల్ దొరికినప్పుడు మాట్లాడేవాడు. "జర సబర్ చెయ్, సెలవు పెట్టిన," అనేవాడు. గాలి హోరులో సగం మాటలు పోయేవి. తుపాకి పట్టుకుని దేశానికి కాపలా కాసేవాడి పెళ్లాం ఎదురింట్లో కూర్చుని తన ఇంట్లో తాగుబోతులు బట్టలు ఆరేసుకోవడం చూస్తోంది. చెప్పుకుంటే సిగ్గు ఎవరికి?

ఇక పంచాయితీ పెద్దమనుషుల్లో పెట్టారు. సారయ్య బస్సెక్కి వచ్చాడు. బొగ్గు దుమ్ము మింగి మింగి నాలుగు మాటలకోసారి దగ్గే ఊపిరి ఆయనది. అయినా నిలబడే మాట్లాడాడు. "అయ్యా, నా అల్లుడు కడుపు కట్టుకొని కట్టిన ఇల్లిది. కాయితాలు ఉన్నయి. ఇగో, చూడుండ్రి."

పెద్దమనుషులు కాగితాలు చూశారు. తర్వాత ఒకాయన గొంతు సవరించుకుని, "కాయితం కాయితమే గని సారయ్యా, దర్వాజ పెట్టింది సదానందమే గదా. ఊకెనే పెడ్తరా ఎవలన్న? ఏమన్న మాట ఉండే ఉంటది," అన్నాడు. ఆయన ఇంటికి కూడా ఇసుక సదానందం ట్రాక్టర్లే తోలాయి మరి.

"దర్వాజ పెట్టినోడిదే ఇల్లైతే," అన్నాడు సారయ్య, "పెండ్లి చేసిన అయ్యగారిదే పెండ్లామైతదా?"

నలుగురు నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. సదానందం కుర్చీలోంచి లేచి ముసలాయన రొమ్ము మీద తన్నాడు. సారయ్య వెనక్కి పడ్డాడు. పడ్డవాణ్ని మళ్లీ పక్కలో తన్నాడు, ఇంకోసారి తన్నాడు. ఎముక విరిగిన చప్పుడు నిఖితకు వినిపించింది. తండ్రి మీద అడ్డంగా పడితే నాలుగో దెబ్బ ఆమె వీపుకు తగిలింది. పెద్దమనుషులు "ఏ, ఉండు, ఉండు," అంటూనే ఉన్నారు, ఒక్కడూ కుర్చీలోంచి లేవలేదు.

మంచిర్యాల దవాఖానాలో సారయ్యకు పక్కటెముకలు విరిగాయన్నారు. దగ్గు వచ్చినప్పుడల్లా ఆయన దిండు కరిచి పట్టుకునేవాడు. తుడిచిన బట్టకు నెత్తురు అంటేది. మంచం పక్కన నేల మీద కూర్చున్న నిఖిత బుర్రలో ఒకటే మాట తిరిగింది. దర్వాజ పెట్టింది సదానందమే గదా. దర్వాజ పెట్టింది సదానందమే గదా. సరే. దర్వాజే వాడి హక్కయితే, ఆ దర్వాజే లేకుండా చేస్తే?

"బాపూ, నీ సబ్బల్ ఏడుంది?"

సారయ్య కూతురి ముఖంలోకి చూశాడు. "అర్రల, మంచం కింద," అన్నాడు. "ఎందుకని అడుగ. గని జాగ్రత్త. లేపేటప్పుడు మీద ఏం నిలవడ్డదో చూసుకో."

ట్రాక్టర్లు ఏటికి పోయిన పొద్దుటి పూట ఆమె వీధి దాటి తన ఇంటి ముందుకొచ్చింది. చేతిలో తండ్రి బాయిలో వాడిన గునపం, ఆ సబ్బల్; కొంగున స్క్రూడ్రైవర్. ముందుగా మడతబందుల స్క్రూలు విప్పి రెండు తలుపు రెక్కలూ ఊడదీసింది. ఇన్ని క్వార్టర్లు అప్పగించిన చేతులు గనుక ఒక్క స్క్రూ తల కూడా అరగలేదు. వాటిని తీసుకెళ్లి లతీఫున్నీసా గోడకు చేరేసింది. తిరిగొచ్చి, చౌకట్టు పక్కన సిమెంటులో సబ్బల్ దించింది.

మొదటి దెబ్బకు చేయి ఆగింది. నిజం, ఆగింది. గోడకు దెబ్బ వేయకూడదని ఇన్నేళ్లుగా ఒంట్లో పేరుకున్న భయం అది. తండ్రి దిండు కరుచుకున్న తీరు గుర్తొచ్చింది. రెండో దెబ్బకు పెళ్ల ఊడింది. ఇక ఆగలేదు. ఇటుక పొడి కళ్లలో పడుతుంటే భుజానికి తుడుచుకుంటూ, గోడలో పాతిన ఇనుప పట్టీలను ఒక్కొక్కటే పెకిలించింది.

లోపల పడుకున్న ఓంప్రకాశ్ లేచొచ్చాడు. "ఏయ్, దిమాగ్ ఖరాబైందా?" అంటూ సబ్బల్ లాక్కోబోయాడు. నిఖిత వెనక్కి జరిగి, వాడి ముంజేతి మీద సబ్బల్ దించింది. చేయి మధ్యలో వంగిపోయింది. వాడు తన చేయి వంక చూసి, కింద కూర్చుని, గొడ్డులా అరవడం మొదలుపెట్టాడు. యూనిఫాం తొక్కిన కాళ్లు అవి. ఆమెకు జాలి కలగలేదు, దాన్ని ఇక్కడ దాచాల్సిన పనీ లేదు.

వీధి పోగైంది. ఫోన్లు పైకి లేచాయి. నిఖిత ఎవరినీ చూడలేదు. గడప కింద సబ్బల్ పెట్టి ఎత్తింది. సిమెంటు పగిలి, చిన్న గుడ్డ మూట బయటికొచ్చింది. చినిగిపోయి నవధాన్యాలు, నల్లబడ్డ రాగి పైస మట్టిలో రాలాయి. ముందు నిలబడ్డవాళ్లు రెండడుగులు వెనక్కి జరిగారు.

అప్పుడు వచ్చాడు సదానందం, వెనక ఇద్దరు డ్రైవర్లతో. చేతిలో బోరు పైపు ముక్క. నిఖిత ఎడమ భుజం మీద కొట్టాడు, మెడ పక్కన ఎముక పుటుక్కుమంది. ఆ చేయి వేలాడిపోయింది. నిఖిత కుడిచేత్తో సబ్బల్ తోయడం మానలేదు. ఇంకో దెబ్బకు తల పగిలి నెత్తురు కంట్లోకి దిగింది.

"పట్టుకోన్రిరా దీన్ని," అన్నాడు డ్రైవర్లతో.

వాళ్లు కదల్లేదు. ఇసుక కోసం కత్తిపోట్లు తిన్నవాళ్లు, పోలీసులను చూసి నవ్వేవాళ్లు. మట్టిలో పడ్డ ధాన్యాల వంక చూసి ఒకడు చెప్పులు విడిచాడు. "గడప లేపింది అన్నా," అన్నాడు. "ఇంటామె లేపింది, ఉసురు తలుగుతది. నేను ఇగ ఈ ఇంట్ల పండ."

"ఛీ, మీ బతుకులు చెడ." సదానందం లోపలికి దూకి నిఖిత జుట్టు చేతికి చుట్టుకుని హాల్లోకి ఈడ్చాడు. ఆమె కుడిచెయ్యి, రెండు కాళ్లు చౌకట్టు గుంజకు పెనవేసింది. వాడు లాగాడు. కుదుళ్లతో జుట్టు తెగి వచ్చింది. ఆమె వదల్లేదు. వాడు కాలు తన్నిపెట్టి, మొత్తం బలం పెట్టి మళ్లీ లాగాడు. పట్టుకుని ఉన్న పట్టీ ఒక్కటీ లేదు ఆ దర్వాజకు. ఆమెతో పాటే అది వాడి మీదికి వచ్చింది. నిఖిత రెండు గుంజల నడుమ నేల మీద పడింది. పైనున్న టేకు దూలం వెనక్కి పడ్డ సదానందం మోకాలి మీద పడింది. ఎర్రమట్టి లేచింది. అందులోంచి వాడి కేక చాలాసేపు వినిపించింది.

దర్వాజ పెట్టినోడు ఆ దర్వాజ కిందే పడి ఏడుస్తుంటే తీసేందుకు ఒక్క చేయీ రాలేదు. చివరికి లతీఫున్నీసాయే వచ్చి, ముందు నిఖితను లేపి, తన దుపట్టాతో తల కట్టింది. తర్వాత వాడి వైపు తిరిగి, "నీ మనుషులను పిలువు. లేపుతరేమో చూద్దాం," అంది.

నెత్తురు కనిపించేసరికి పోలీసులూ వచ్చారు. అప్పుడది సివిల్ మ్యాటర్ కాకుండా పోయింది. రెండు పక్కలా కేసులు పెట్టారు. "ఇల్లు పగలగొట్టింది ఎవరు?" అని అడిగితే, "నేనే సార్. నా ఇల్లు," అంది నిఖిత. వీధిలో అందరి ఫోన్లలోనూ ముసలాయన్ను తన్నిన సంగతీ, ఆడమనిషి తల పగలగొట్టిన సంగతీ తిరిగాక పెద్దమనుషులకు హఠాత్తుగా కాగితాలు చదవడం వచ్చింది. డ్రైవర్లు అదే సాయంత్రం చాపలు చుట్టుకుని పోయారు. సదానందం ఇప్పుడు కాలు ఈడుస్తూ నడుస్తాడు. ఆ వీధిలో మాత్రం నడవడు.

దర్వాజ లేని ఇంట్లో నిఖిత, హారిక కాపురం పెట్టారు. గోడలో పడ్డ పెద్ద చిల్లుకు పెట్టెల మీద కప్పిన టార్పాలిన్ పట్టా కట్టి, దాని అడ్డంగా నల్ల పెట్టెలు పేర్చి, సబ్బల్ పక్కన పెట్టుకుని పడుకునేవారు. కుమారస్వామి ఫోన్ చేసి, "ముహూర్తం ఉన్నదట. ఎవల్తోనన్న పెట్టియ్యి," అన్నాడు.

"ఎవల్తోని పెట్టియ్య," అంది. "నా చెయ్యి అతుక్కున్నంక నేనే పెట్టుకుంట."

"మామకు ఎట్లుంది?" అన్నాడతను గాలి హోరులోంచి.

సారయ్యకు బాగాలేదు. విరిగిన ఎముకలు అతుక్కోకముందే ఊపిరితిత్తులకు నీరు పట్టింది. ఏళ్ల తరబడి బాయి కప్పు మీద పడకుండా కాపాడుకున్న మనిషి, ఒక ఇసుక దొంగ కాలి కింద పోయాడు. పోయే ముందు రోజు కూతురి చేయి పట్టుకుని, "సుత్తె కొన్నవా?" అని అడిగాడు. "కొన్న బాపూ," అంది. కొనలేదు. అబద్ధమని ఆయనకూ తెలుసేమో, నవ్వాడు. అల్లుడు వచ్చే దారి మంచుతో మూసుకుపోయింది. కొరివి నిఖితే పెట్టింది, ఎడమచేయి ఇంకా జోలెలోనే ఉంది.

చేయి లేచిన రోజున దర్వాజ కూడా లేచింది. అయ్యగారిని పిలవలేదు, పీటలు వేయలేదు. గడప కింద మిగిలిన నాలుగు గింజలు, ఆ పాత రాగి పైస పెట్టింది. బరువు ఒక్కదానికి ఆగకపోతే లతీఫున్నీసా వీధిలోనే నిలబడి అడిగింది.

"నేను పట్టుకోవచ్చునా బేటీ? మీ వాళ్లు ఏమనరు గదా?"

"మా వాళ్లేడున్నరు చాచీ. పట్టుకో."

సాయంత్రానికి సిమెంటు పూసి, చేతులు కడుక్కుని, లోపలికి వచ్చింది. హాల్లో తెల్ల గోడ. గీత లేదు, మరక లేదు. కొత్త సుత్తె, ఒక మేకు తీసుకుంది. పెట్టె మీదెక్కి నిలబడింది. మొదటి దెబ్బకు మేకు వంగింది. భుజం నొప్పికి పళ్లు బిగించి, మేకు సాపు చేసి మళ్లీ కొట్టింది. సున్నం రాలింది. మేకు గోడలోకి దిగింది.

హారిక సారయ్య ఫోటోను రెండు చేతులా ఎత్తి అందించింది. దండతో సహా తాత మేకుకు వేలాడాక, రాలిన సున్నం వంకా, గోడకు పడ్డ చిల్లు వంకా చూసి భయంగా అడిగింది.

"మమ్మీ, దీనికి డ్యామేజీ కట్టాల్నా?"

నిఖిత ఫోటో వంకర సరిచేసింది.

"కట్టినం బిడ్డా," అంది. "ముందే కట్టినం."